ఐడీ బోర్డు పరీక్ష: అమెరికాలోని తెలుగు ఫెలోలు తరచుగా అడిగే ప్రశ్నలు

కర్నూలులోనో కాకినాడలోనో ఎంబీబీఎస్, ఒహైయోలోనో మిషిగన్‌లోనో రెసిడెన్సీ, ఇప్పుడు ఇన్‌ఫెక్షియస్ డిసీజెస్ (ఐడీ) ఫెలోషిప్, అంటే రెసిడెన్సీ తర్వాత చేసే స్పెషాలిటీ ట్రైనింగ్, రెండో ఏడు. నాకు ఫోన్ చేసే మన పిల్లల్లో చాలామంది కథ ఇదే. అడిగే ప్రశ్నలు కూడా దాదాపు అవే. అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. ఐడీ బోర్డు అంటే ఇన్‌ఫెక్షన్ జబ్బుల స్పెషలిస్టుగా సర్టిఫికెట్ ఇచ్చే పరీక్ష. నేను ఈ పరీక్ష రాసి పాసయ్యాను. ఆ తర్వాత ఫెలోలతో కూర్చుని ప్రశ్నలు చేయిస్తున్నాను. ఇన్నేళ్లలో నాకు గట్టిగా అనిపించింది ఒక్కటే: మనవాళ్లు తెలియని జబ్బుల దగ్గర జాగ్రత్తగానే ఉంటారు, మార్కులు పోయేది బాగా తెలుసనుకున్న జబ్బుల దగ్గరే. కింద రాసిన జవాబుల్లో ఆ మాట మళ్లీ మళ్లీ వస్తుంది.

ఈ పరీక్ష ఎవరు పెడతారు? రాయడానికి ఏం ఉండాలి?

అమెరికన్ బోర్డ్ ఆఫ్ ఇంటర్నల్ మెడిసిన్, అంటే ఏబీఐఎం. ముందు ఇంటర్నల్ మెడిసిన్ బోర్డు పాసై ఉండాలి. ఆ తర్వాత ఏసీజీఎంఈ (అమెరికాలో డాక్టర్ల ట్రైనింగ్ ప్రోగ్రాంలకి గుర్తింపు ఇచ్చే సంస్థ) గుర్తింపు ఉన్న ప్రోగ్రాంలో 24 నెలల ఐడీ ఫెలోషిప్ చేయాలి. అందులో కనీసం 12 నెలలు క్లినికల్ పని ఉండాలి. ఏ ఆంక్షలూ లేని మెడికల్ లైసెన్స్ కూడా కావాలి. ట్రైనింగ్ అయ్యాక 7 ఏళ్లలోపు పాసవ్వాలి. ఈ పరీక్ష ఏడాదికి ఒక్కసారే ఉంటుంది కాబట్టి 7 ఏళ్లు అనేది వినడానికి ఉన్నంత పెద్ద గడువు కాదు.

ఇండియాలో డీఎం ఇన్‌ఫెక్షియస్ డిసీజెస్ చేశాను. నేరుగా రాయవచ్చా?

మామూలు దారిలో కుదరదు. డీఎం చదువు మీ చేతిలో ఎంతో బలం, కానీ అర్హత కోసం ఏబీఐఎం చూసేది అమెరికాలో గుర్తింపు ఉన్న ట్రైనింగ్‌నే. ప్రత్యేక పరిస్థితుల్లో ఇచ్చే మినహాయింపుల గురించి మీ ప్రోగ్రాం డైరెక్టర్ ద్వారా ఏబీఐఎంనే అడగండి. వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే సమాచారాన్ని నమ్మి ఏడాది పోగొట్టుకోవద్దు.

పరీక్ష ఎలా ఉంటుంది?

ఒక్క రోజు, కంప్యూటర్ మీద, పియర్సన్ వ్యూ అనే సంస్థ పరీక్షా కేంద్రంలో. ఎక్కువలో ఎక్కువ 240 ప్రశ్నలు. నాలుగు సెషన్లు, ఒక్కో సెషన్‌కి 60 ప్రశ్నల దాకా, రెండేసి గంటలు. అంటే ప్రశ్నకి రెండు నిమిషాలు. దాదాపు ప్రతి ప్రశ్నా ఒక పేషెంట్ కథే: వయసు, ఊరు, పని, ప్రయాణం, మందులు, ల్యాబులు. చివర్లో "ఇప్పుడు ఏం చేయాలి?" అనో "కారణం ఏది?" అనో అడుగుతారు. గ్రామ్ స్టెయిన్లు, చర్మం ఫోటోలు, సీటీ బొమ్మలు కూడా ఉంటాయి. తప్పు జవాబుకి మార్కులు కోయరు, కాబట్టి ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలొద్దు.

దేనికి ఎంత వెయిటేజీ?

ఏ భాగం నుంచి ఎంత శాతం ప్రశ్నలో చెప్పే బ్లూప్రింట్ అనే కాగితం ఏబీఐఎం పెడుతుంది. ముందు దాన్ని ప్రింట్ తీసి గోడకి అంటించుకోండి. నేను ఫెలోలకి చూపించే బ్లూప్రింట్ ప్రకారం బాక్టీరియా జబ్బులు 27 శాతం, జనరల్ మెడిసిన్, క్రిటికల్ కేర్, సర్జరీ కలిపి 18 శాతం, హెచ్‌ఐవీ 15 శాతం, యాంటీమైక్రోబియల్ మందులు 9 శాతం, వైరస్‌లు 7 శాతం. ఫంగస్, ట్రావెల్-ట్రాపికల్, హెచ్‌ఐవీ కాకుండా మిగతా ఇమ్యూనిటీ తగ్గిన పేషెంట్లు, ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ ఒక్కోటి 5 శాతం. టీకాలు 4 శాతం. ఎప్పటికప్పుడు మారుస్తుంటారు కాబట్టి మీ ఏడాది కాగితం చూసుకోండి.

ఇందులో రెండు విషయాలు గమనించండి. మనం గర్వంగా చెప్పుకునే ట్రాపికల్ మెడిసిన్ 5 శాతమే. మనం అసలు చదవని జనరల్ మెడిసిన్ దానికి మూడు రెట్లకు పైనే.

ఎప్పుడు మొదలుపెట్టాలి?

మొదటి ఏడాది ఫెలోషిప్ ఆగస్టులో చాలామంది ఇంటర్నల్ మెడిసిన్ బోర్డు రాస్తారు. అది అయ్యేదాకా ఐడీ పుస్తకం ముట్టుకోకపోయినా ఫర్వాలేదు. ఆ తర్వాత రోజూ వచ్చే కన్సల్ట్‌లే, అంటే వేరే డాక్టర్లు మీ సలహా అడిగే కేసులే, మీ సిలబస్. ఒక్కో కన్సల్ట్‌కి ఒక్క ప్రశ్న రాసుకోండి: "ఈ కథలో ఏ ఒక్క మాట మారితే నా మందు మారుతుంది?" ఫెలోల ఇన్-ట్రైనింగ్ పరీక్షను తేలిగ్గా తీసుకోవద్దు, మీరు ఎక్కడ బలహీనమో ముందే చెప్పేది అదొక్కటే. గట్టి చదువు మాత్రం పరీక్షకి ఐదారు నెలల ముందు మొదలెడితే సరిపోతుంది. అంతకంటే ముందు మొదలుపెట్టిన వాళ్లు పరీక్ష రాకముందే అలిసిపోవడం చూశాను.

మనం ఇండియాలో మలేరియా, టీబీ, టైఫాయిడ్ చూసి వచ్చాం. అది లాభమే కదా?

లాభమే. నల్లకుంట ఫీవర్ ఆస్పత్రిలో ఒక్క వర్షాకాలం పనిచేసిన డాక్టర్ చూసినంత డెంగీని ఇక్కడి ఫెలో జన్మలో చూడడు. మలేరియా క్రిమి దోమలో ఉందని రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న కనిపెట్టింది మన సికింద్రాబాద్‌లోనే, ఆ ఆస్పత్రి పేరులో ఉన్నది కూడా ఆయనే. ఆ అనుభవం మన సొంతం. కానీ అక్కడ చేతికి అలవాటైన పద్ధతి ఇక్కడ తప్పు జవాబు కావచ్చు. నాలుగు ఉదాహరణలు చెప్తాను.

మొదటిది రేబిస్. నేను మొదటి ప్రాక్టీస్ టెస్టులో తప్పు చేసింది ఇక్కడే. మన దగ్గర కండలోకి ఇస్తే 0, 3, 7, 14, 28 రోజుల్లో ఐదు డోసులు. కళ్లు మూసుకుని ఆ జవాబే టిక్ పెట్టాను. అమెరికాలో ఇంతకుముందు టీకా తీసుకోని ఆరోగ్యవంతుడికి 0, 3, 7, 14 రోజుల్లో నాలుగే డోసులు, వాటితోపాటు ఇమ్యునోగ్లోబులిన్ కిలోకి 20 యూనిట్లు. ఇమ్యూనిటీ తగ్గినవాళ్లకే ఐదో డోసు. ఇంతకుముందు పూర్తిగా టీకా తీసుకున్నవాళ్లకి 0, 3 రోజుల్లో రెండే డోసులు, ఇమ్యునోగ్లోబులిన్ వద్దు. ఇంకో తేడా: మనకి రేబిస్ అంటే వీధికుక్క, ఇక్కడి ప్రశ్నలో గబ్బిలం. నిద్ర లేచేసరికి పడగ్గదిలో గబ్బిలం కనిపిస్తే, గాటు లేకపోయినా, ఆ గబ్బిలాన్ని పట్టి పరీక్షించే వీలు లేకపోతే టీకా మొదలుపెట్టాల్సిందే.

రెండోది టీబీ. స్కిన్ టెస్ట్ పాజిటివ్ వస్తే "చిన్నప్పుడు బీసీజీ వేశారు కదా" అని వదిలేయడం మనకి అలవాటు. ఇక్కడ బీసీజీ తీసుకున్నవాళ్లకి రక్తంతో చేసే ఇగ్రా టెస్ట్‌కే మొగ్గు. అది పాజిటివ్ అయి, లక్షణాలు లేక, ఎక్స్‌రే శుభ్రంగా ఉంటే లేటెంట్ టీబీకి, అంటే ఒంట్లో దాగి ఉన్న టీబీకి, మందు ఇవ్వాలి: రిఫాంపిన్ నాలుగు నెలలు, లేదా ఐసోనియాజిడ్-రిఫాపెంటిన్ వారానికోసారి 12 డోసులు. ఈ ప్రశ్నలో పేషెంట్ చాలాసార్లు ఇండియా నుంచి వచ్చిన హెల్త్ వర్కరే. ఆ పేషెంట్ మనమే, అందుకే తప్పుతాం.

మూడోది జ్వరం, తలనొప్పి, దద్దుర్లు. రాయలసీమ నుంచి వచ్చినవాళ్లకి స్క్రబ్ టైఫస్, ఆ నల్లటి పొక్కు వెంటనే గుర్తొస్తాయి. ఇక్కడ అదే కథకి గోమారి కాటుతో వచ్చే రాకీ మౌంటెన్ స్పాటెడ్ ఫీవర్. పేరులో రాకీ పర్వతాలున్నా కేసులు ఎక్కువ నార్త్ కరోలినా, టెనెసీ, ఆర్కాన్సా, మిస్సోరి, ఒక్లహోమా వైపు. దద్దుర్లు మణికట్టు, చీలమండల దగ్గర మొదలవుతాయి, అందులో పొక్కు సాధారణంగా ఉండదు. మందు రెండింటికీ డాక్సీసైక్లినే. టెస్టు రిపోర్టు కోసం ఆగకూడదు, చిన్నపిల్లలైనా ఇవ్వాల్సిందే. ఐదో రోజు దాటాక మొదలుపెడితే ప్రాణం మీదికొస్తుంది.

నాలుగోది బోదకాలు. దాని మందు డైఇథైల్‌కార్బమజైన్ అనగానే నాకు మనసు ఉప్పొంగుతుంది, ఎందుకంటే ఆ మందు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికా మందుల కంపెనీ లెడర్లీలో నడిపిన పరిశోధన నుంచి వచ్చింది. కానీ పరీక్షలో పేషెంట్ ఆఫ్రికా నుంచి వచ్చాడంటే ఒక్క క్షణం ఆగాలి. రివర్ బ్లైండ్‌నెస్ క్రిమి కూడా ఉన్న మనిషికి ఆ మందు ఇస్తే కళ్లకీ చర్మానికీ తీవ్రమైన రియాక్షన్ వస్తుంది. లోవా లోవా అనే ఇంకో పురుగు పిల్లలు రక్తంలో ఎక్కువగా ఉంటే మెదడుకే ముప్పు. అదే మందు, మనిషి వచ్చిన ఊరిని బట్టి జవాబు తిరగబడుతుంది.

అయితే అమెరికా భూగోళం నేర్చుకోవాలా?

తప్పకుండా. ఇది నేర్చుకోవడానికి ఒక వారం చాలు, కానీ మనవాళ్లు ఆ వారం కేటాయించరు. మా ఇంట్లో వంటగది గోడకి అమెరికా మ్యాప్ ఉండేది. దాని మీద ముందు మూడు ఫంగస్‌లు. ఒహైయో, మిసిసిపీ నదుల లోయల మీద హిస్టోప్లాస్మా అని రాసుకున్నాను, పక్కన చిన్న గబ్బిలం బొమ్మ. గ్రేట్ లేక్స్, విస్కాన్సిన్ దగ్గర బ్లాస్టోమైసిస్: న్యుమోనియాతోపాటు చర్మం మీద పులిపిరిలాంటి పుండు, మైక్రోస్కోప్‌లో వెడల్పాటి మెడతో మొగ్గ తొడిగే ఈస్ట్. ఆరిజోనా, కాలిఫోర్నియా శాన్ వాకీన్ లోయ మీద కాక్సిడియాయిడిస్: ఇయోసినోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు ఎక్కువ, మోకాళ్ల నొప్పులు, ఎరిథీమా నోడోసమ్ (చర్మం కింద నొప్పి పెట్టే ఎర్ర గడ్డలు).

ఈశాన్యం వైపు గోమార్లకి ఇంకో రంగు. అదే ఇక్సోడిస్ గోమారి లైమ్ జబ్బు బాక్టీరియాని, ఎర్ర రక్తకణాల్లో మాల్టీస్ క్రాస్‌లా కనిపించే బెబీసియాని, న్యూట్రోఫిల్స్‌లో ముద్దలు కనిపించే అనాప్లాస్మాని మోస్తుంది. కాబట్టి లైమ్‌కి డాక్సీ ఇచ్చినా జ్వరం తగ్గక, హీమోగ్లోబిన్ పడిపోతుంటే బెబీసియా కోసం స్మియర్ చూడాలి. మలేరియా స్మియర్లు చూసి చూసి మన కళ్లు బెబీసియా రింగుల్ని ఫాల్సిపారం అనేస్తాయి. ప్రశ్నలో పేషెంట్ ఈశాన్య తీరంలోని నాంటకెట్ దీవి దాటి ఎక్కడికీ వెళ్లలేదంటే అది బెబీసియానే.

మట్టిలో, నీళ్లలో ఉండే బాక్టీరియా వల్ల వచ్చే మెలియాయిడోసిస్ కూడా ఇప్పుడు ఇక్కడి జబ్బే. 2021లో ఇండియా నుంచి దిగుమతైన రూమ్ స్ప్రే వల్ల అమెరికాలో నలుగురికి సోకి ఇద్దరు చనిపోయారు. 2022లో మిసిసిపీ తీరంలోని మట్టిలో, నీళ్లలో ఆ బాక్టీరియా దొరికింది. "విదేశీ ప్రయాణం లేదు" అన్నంత మాత్రాన దాన్ని కొట్టేయడానికి లేదు.

ప్రశ్నని ఎలా చదవాలి? ఒకటి చేసి చూపించండి.

నేను ఫెలోలకి చెప్పుకునే కథ ఒకటి రాస్తాను.

62 ఏళ్ల ఆయన. గుంటూరు జిల్లాలో జీవితమంతా వ్యవసాయం. పదేళ్ల కిందట కొడుకు దగ్గరికి న్యూజెర్సీ వచ్చారు. ఆయాసం అంటే ఆస్తమా అని ప్రెడ్నిసోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చారు. రెండు వారాలకి జ్వరం, కడుపునొప్పి, తలనొప్పి. బ్లడ్ కల్చర్లో ఈ. కోలై. మూత్రం శుభ్రంగా ఉంది. వెన్నునీళ్లలో న్యూట్రోఫిల్స్. బొడ్డు చుట్టూ ఊదా రంగు మచ్చలు. ఇయోసినోఫిల్స్ 1 శాతం. సెఫ్ట్రియాక్సోన్ మొదలైంది. తర్వాత ఏం చేయాలి?

చాలామంది కొలనోస్కోపీ అంటారు, కొందరు గుండె ఎకో అంటారు. ఒక్కసారి వెనక్కి వెళ్దాం. పెద్దాయనకి మూత్రంలో ఏమీ లేకుండా ఈ. కోలై మెనింజైటిస్ ఎందుకొచ్చింది? పేగులోని బాక్టీరియాని ఎవరో మోసుకెళ్లారు. పొలంలో చెప్పుల్లేకుండా నడిచిన కాళ్లు, ఆపైన స్టెరాయిడ్. స్ట్రాంజిలాయిడిస్ హైపర్‌ఇన్‌ఫెక్షన్, అంటే పేగులో ఉండే ఆ పురుగు ఒళ్లంతా పాకిపోవడం. ఆ పురుగు ఒంట్లోనే తన సంతతిని తిరిగి సోకిస్తూ దశాబ్దాల పాటు ఉండిపోగలదు, కాబట్టి పదేళ్ల కిందటి ఊరు కూడా లెక్కే. ఇయోసినోఫిల్స్ మామూలుగా ఉన్నాయని వదిలేయకూడదు, స్టెరాయిడ్ మీద అవి కనిపించవు. జవాబు: కళ్లెలో, మలంలో లార్వాల కోసం చూడాలి, ఐవర్మెక్టిన్ వెంటనే మొదలుపెట్టాలి, స్టెరాయిడ్ వీలైనంత తగ్గించాలి. ఈ పురుగుని విజృంభించనిచ్చే హెచ్‌టీఎల్‌వీ-1 అనే వైరస్ కోసం టెస్ట్ కూడా చేయాలి.

ఇందులో జవాబు చెప్పింది ల్యాబులు కాదు, మొదటి రెండు వాక్యాలు. నేను చివరి లైను ముందు చదివి, ఏం అడుగుతున్నారో తెలుసుకుని, అప్పుడు పైనుంచి మొదలుపెడతాను. ఊరు, పని, జంతువు, మందు అనే నాలుగింటినీ ఆగి చదువుతాను.

రెసిస్టెన్స్, కొత్త యాంటీబయాటిక్స్ గుర్తుండట్లేదు. ఎలా?

మందుల పేర్లు బట్టీ పడితే ఉండవు. ఎంజైమ్ నుంచి మందు వైపు వెళ్లండి. ఎన్‌డీఎం అనే ఎంజైమ్ ఉన్న క్లెబ్సియెల్లా బాక్టీరియా తీసుకుందాం. ఎన్‌డీఎం కార్బపెనెమ్ అనే బలమైన యాంటీబయాటిక్స్‌ని తినేస్తుంది, ఎంజైమ్‌లని ఆపే అవిబ్యాక్టమ్ కూడా దాన్ని ఆపలేదు. కానీ అజ్‌ట్రియోనామ్‌ని అది ముట్టుకోదు. మరి అజ్‌ట్రియోనామ్ ఒక్కటే ఎందుకు ఇవ్వం? ఆ బాక్టీరియా దగ్గర ఈఎస్‌బీఎల్ లాంటి వేరే ఎంజైమ్‌లు కూడా ఉంటాయి, అవి దాన్ని తినేస్తాయి. వాటిని ఆపడానికి అవిబ్యాక్టమ్ కావాలి. అందుకే సెఫ్టాజిడిమ్-అవిబ్యాక్టమ్‌తోపాటు అజ్‌ట్రియోనామ్. ఇలా ఒకసారి అర్థమైతే కేపీసీ అనే ఇంకో ఎంజైమ్‌కి సెఫ్టాజిడిమ్-అవిబ్యాక్టమ్ ఒక్కటే ఎందుకు చాలో కూడా అర్థమవుతుంది.

రిపోర్టులో "సెన్సిటివ్" అని ఉన్నంత మాత్రాన టిక్ పెట్టొద్దు. సెఫ్ట్రియాక్సోన్‌కి లొంగని ఈ. కోలై రక్తంలో ఉన్నప్పుడు పైపెరాసిలిన్-టాజోబ్యాక్టమ్ సెన్సిటివ్ అని వచ్చినా జవాబు మెరోపెనెమ్. 2018లో వచ్చిన మెరినో ట్రయల్‌లో 30 రోజుల్లో మరణాలు పైపెరాసిలిన్-టాజోబ్యాక్టమ్ వైపు 12.3 శాతం, మెరోపెనెమ్ వైపు 3.7 శాతం. ఎంటరోబ్యాక్టర్ క్లోయేకి అయితే సెఫెపిమ్ గుర్తు పెట్టుకోండి.

స్టాఫ్ ఆరియస్ రక్తంలో ఒక్క బాటిల్‌లో వచ్చినా అది కంటామినెంట్ (బయటి నుంచి పొరపాటున కలిసిన క్రిమి) కాదు. కల్చర్లు మళ్లీ తీయాలి, ఎకో చేయాలి, మెథిసిలిన్‌కి లొంగేదైతే వాంకోమైసిన్ ఆపి సెఫజోలిన్‌కి మారాలి. ఇది పరీక్షలోనూ వార్డులోనూ రోజూ వచ్చేదే.

హెచ్‌ఐవీకి 15 శాతం. మా ప్రోగ్రాంలో హెచ్‌ఐవీ క్లినిక్ తక్కువ.

అయితే పక్క క్లినిక్‌కి వెళ్లి కూర్చోండి, చాలామంది అటెండింగులు (సీనియర్ డాక్టర్లు) సంతోషంగా రానిస్తారు. ప్రశ్నలు ఎక్కువగా మందుల మధ్య గొడవల మీదే. మిగతా హెచ్‌ఐవీ మందుల బలం పెంచే రిటోనావిర్ లేదా కోబిసిస్టాట్ వాడేవాళ్లు ముక్కులో ఫ్లూటికసోన్ స్ప్రే కొట్టుకుంటే ఒంట్లో స్టెరాయిడ్ ఎక్కువై ముఖం ఉబ్బి కుషింగ్స్ వస్తుంది. రిఫాంపిన్‌తో డోలుటెగ్రావిర్ రోజుకి రెండుసార్లు ఇవ్వాలి, బిక్టెగ్రావిర్ అసలు కుదరదు. డోలుటెగ్రావిర్ మొదలుపెట్టాక క్రియాటినిన్ కాస్త పెరిగి అక్కడే ఆగితే కిడ్నీ దెబ్బతిన్నట్టు కాదు. అబాకవిర్‌కి ముందు హెచ్‌ఎల్‌ఏ-బి 5701 అనే జన్యువు కోసం చూడాలి, అది ఉంటే ఆ మందు పడదు.

నాకు ఇష్టమైన ప్రశ్న ఇంకోటుంది. వైరస్ పూర్తిగా అదుపులో ఉన్న పేషెంట్ మాత్రలు విసుగొచ్చి రెండు నెలలకోసారి ఇచ్చే ఇంజెక్షన్లు అడుగుతాడు. ప్రశ్న మధ్యలో ఎక్కడో హెపటైటిస్ బి పాజిటివ్ అని ఒక్క మాట ఉంటుంది. ఆ ఇంజెక్షన్లు హెపటైటిస్ బి మీద పనిచేయవు. ఇప్పటిదాకా దాన్ని అదుపులో పెట్టిన మాత్ర టెనోఫోవిర్ ఆపేస్తే లివర్ జబ్బు ఒక్కసారిగా విజృంభిస్తుంది.

ఫంగస్ వల్ల వచ్చే క్రిప్టోకాకల్ మెనింజైటిస్‌లో హెచ్‌ఐవీ మందులు వెంటనే మొదలుపెట్టకూడదు, 4 నుంచి 6 వారాలు ఆగాలి.

జనరల్ మెడిసిన్ 18 శాతం అంటే ఏం చదవాలి?

ఇన్‌ఫెక్షన్‌లా కనిపించి ఇన్‌ఫెక్షన్ కానివి. సాయంత్రం జ్వరంతోపాటు లేత గులాబీ దద్దుర్లు వచ్చి పోతుంటే, ఫెరిటిన్ వేలల్లో ఉంటే అడల్ట్ స్టిల్స్. కాలిపుండు యాంటీబయాటిక్స్‌కి తగ్గదు, సర్జన్ కోసి శుభ్రం చేసిన ప్రతిసారీ ఇంకా పెద్దదవుతుంది, అంచులు ఊదా రంగు: పయోడెర్మా గాంగ్రినోసమ్. దానికి కావాల్సింది స్టెరాయిడ్, కత్తి కాదు. డిప్రెషన్ మందు మీద ఉన్నవాళ్లకి లినెజోలిడ్ ఇచ్చాక వణుకు, చెమటలు, జ్వరం వస్తే సెరటోనిన్ సిండ్రోమ్. డ్రెస్ (మందులకి వచ్చే తీవ్రమైన అలర్జీ), హెచ్‌ఎల్‌హెచ్ (ఇమ్యూనిటీ అదుపు తప్పే జబ్బు), లింఫోమా, సార్కాయిడ్ కూడా చూసుకోండి. యాంటీబయాటిక్ ఆపడమే సరైన జవాబయ్యే ప్రశ్నలు ఈ భాగంలో ఉంటాయి. ఐడీ డాక్టర్‌కి అది నేర్పడం మంచిదేనని నా అభిప్రాయం.

టీకాలు, ఇన్‌ఫెక్షన్ కంట్రోల్?

రెండూ కలిపి 9 శాతం. రెండు ఆదివారాలు చాలు. తట్టు, అమ్మవారు, టీబీకి గాలి జాగ్రత్తలు. సీ. డిఫ్ (విరేచనాలు తెచ్చే బాక్టీరియా) ఉన్న పేషెంట్ గదిలో శానిటైజర్ కాదు, సబ్బు నీళ్లు. ఇమ్యూనిటీ తగ్గినవాళ్లకి లైవ్ టీకాలు వద్దు. సూది గుచ్చుకుంటే హెచ్‌ఐవీ మందు 72 గంటల్లోపు మొదలుపెట్టి 28 రోజులు వాడాలి.

కోర్సు కొనాలా? ఏం చదవాలి?

ఒక ప్రశ్నల బ్యాంకు, ఒక వీడియో కోర్సు. అంతకుమించి కొంటే ఏదీ పూర్తికాదు. డబ్బు ఇబ్బందైతే ప్రోగ్రాం ఎడ్యుకేషన్ ఫండ్ గురించి అడగండి, అడగడానికి మొహమాటపడొద్దు. ఐడీఎస్‌ఏ (అమెరికా ఐడీ డాక్టర్ల సంఘం) గైడ్‌లైన్లు, సీడీసీ (అమెరికా ప్రజారోగ్య సంస్థ) పేజీలు, హెచ్‌ఐవీ గైడ్‌లైన్లు ఉచితమే.

వీటన్నిటికంటే నాకు ఎక్కువ పనికొచ్చింది రెండు వందల పేజీల రూళ్ల నోట్‌బుక్. తప్పు చేసిన ప్రతి ప్రశ్నకీ రెండే లైన్లు. ఎడమవైపు నేను పెట్టిన జవాబు, కుడివైపు నన్ను ఆపాల్సిన మాట. ఒక పేజీ ఇలా ఉండేది: "డాప్టోమైసిన్ / న్యుమోనియా. ఊపిరితిత్తుల్లో సర్ఫ్యాక్టెంట్ దాన్ని పనిచేయనివ్వదు." కింద ఇంకోటి: "దద్దుర్లు లేవని ఆగాను / టెనెసీ, జూన్." చివరి వారం ఆ నోట్‌బుక్ తప్ప ఇంకేదీ తెరవలేదు.

చిన్న పిల్లలున్నారు, కాల్స్ ఉన్నాయి. టైమ్ ఎక్కడిది?

రోజుకి 15 ప్రశ్నలు, పొద్దున్నే, ఫోన్ చూడకముందు. కాల్ ఉన్న వారం ఐదు చేసినా చాలు. ఇంట్లోవాళ్లకి పరీక్ష తేదీ ముందే చెప్పండి, ఆఖరి రెండు వారాలు సెలవు కోసం మార్చిలోనే అడగండి. అత్తగారో అమ్మగారో వచ్చే వీలుంటే ఆ నెలలకే టికెట్ చేయించండి. సాయం అడగడం తప్పేం కాదు.

పరీక్ష రోజు?

ముందురోజు ఒకసారి సెంటర్‌కి వెళ్లి పార్కింగ్ చూసి రండి. గుర్తింపు కార్డు మీద పేరు, రిజిస్ట్రేషన్ పేరు ఒకటే ఉండాలి. ఇంటిపేరు పూర్తిగా ఒకచోట, పొట్టి అక్షరాలతో ఒకచోట ఉండే మనవాళ్లు నెలల ముందే సరిచూసుకోవాలి. అరచేతిని స్కాన్ చేస్తారు, వాచీ, ఫోన్ లాకర్లో పెట్టాలి. మొదటిసారి సర్టిఫికేషన్‌కి రాసేవాళ్లకి అప్‌టుడేట్ అనే ఆన్‌లైన్ వైద్య పుస్తకం చూసుకునే వీలు ఉండదు. ప్రతి సెషన్ తర్వాతా లేచి బయటికి రండి. పెరుగన్నం డబ్బా తీసుకెళ్లండి, మూడో సెషన్‌కి ముందు కడుపు బరువెక్కితే నిద్రొస్తుంది.

ఫెయిలైతే?

చాలా బాధగా ఉంటుంది, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదు. ఆ బాధ నిజమైనదే. ఒక నెల ఆగి స్కోర్ రిపోర్టు తెరవండి, ఏ భాగంలో తగ్గిందో అందులో ఉంటుంది. రెండోసారి రాసినవాళ్లతో కూర్చున్నప్పుడు నేను చూసింది ఏంటంటే, వాళ్లకి చదువు తక్కువ కాలేదు. రెండు నిమిషాల టైమర్ పెట్టుకుని ప్రాక్టీస్ చేయలేదు. ఈసారి వారానికి ఒక్కసారైనా 60 ప్రశ్నలు లేవకుండా ఒకే బిగిన చేయండి. మీ డైరెక్టర్‌కి, మీకు ఉద్యోగం ఇచ్చినవాళ్లకి మీరే ముందు చెప్పండి, ఇంకొకరి నోట వినకముందే.

పాసయ్యాక మళ్లీ రాయాలా?

సర్టిఫికెట్ నిలుపుకోవడానికి రెండు దారులు. పదేళ్లకోసారి పెద్ద పరీక్ష, లేదా ఎల్‌కేఏ (లాంజిట్యూడినల్ నాలెడ్జ్ అసెస్‌మెంట్). రెండోదాంట్లో ఐదేళ్లపాటు మూడు నెలలకి 30 ప్రశ్నలు వస్తాయి, ప్రశ్నకి నాలుగు నిమిషాలు, పుస్తకాలు చూసుకోవచ్చు. నేను ఎల్‌కేఏనే ఎంచుకున్నాను. ప్రశ్నలు శనివారం పొద్దున కాఫీతో చేస్తాను, తప్పు వస్తే ఆ పాత నోట్‌బుక్‌లో మిగిలిన పేజీల్లో ఇప్పటికీ రాసుకుంటాను.